అరగని బొమ్మ

బొమ్మలన్నీ మందులేనని చిన్నప్పుడు గట్టిగా నమ్మిన మేధావిని నేను.

తిరుపతిలో మా నాయన ఎర్రచందనం బొమ్మలు చెక్కి అమ్మేవాడు. మా ఇల్లు గడిచేది ఆ ఉలి మీదే. ఇంట్లో ఎవరికి దెబ్బ తగిలి వాచినా, అమ్మ ఒక బొమ్మను సానరాయి మీద నీళ్ళతో అరగదీసి, ఆ గంధం పట్టు వేసేది.

అంతలో ఎదురంగట్లోకి చౌకగా చైనా బొమ్మలు దిగాయి. అవి కళ్ళార్పేవి, పాడేవి. మా బొమ్మలకు దుమ్ము తప్ప గిరాకీ లేదు. నేనూ ఏడ్చి ఒక చైనా బొమ్మ కొనిపించుకున్నాను.

ఒకరోజు దిగులుగా చెక్కుతున్న నాయన చేతిలో సుత్తి జారి బొటనవేలు వాచింది. పాడే బొమ్మ కదా, మందు ఇంకా బాగా పనిచేస్తుందని దాన్ని సానరాయి మీద రుద్దాను. ముక్కు అరిగింది, ప్లాస్టిక్ వాసన వచ్చింది, గంధం రాలేదు.

"దీనికి పాడేది వచ్చురా, వాపు తీసేదే రాదు," అని నాయన నవ్వాడు. మరుసటేడు మా అంగట్లోనూ ఆ చైనా బొమ్మలే వేలాడాయి. ఉలి అటకెక్కింది.

మొన్న అదే వీధిలో ఒక అంగట్లో మళ్ళీ ఆ ప్లాస్టిక్ వాసనే తగిలింది. అంగడాయన చెక్కరంగు పూసిన ప్లాస్టిక్ బొమ్మను చూపి, "తీసుకో సామీ, చైనా సరుకు, చెక్కదానికంటే శానా సవక," అన్నాడు.

బేరమాడేవాళ్ళందరికీ వినబడేలా అడిగాను: "మోకాలు వాసుండాదప్పా. దీన్ని అరగదీస్తే గంధం వస్తాదా?"

పక్కనున్న ముసలావిడ తన చేతిలోని అలాంటి బొమ్మనే మెల్లగా కింద పెట్టేసింది.