పెద్దమ్మ దారంలో లేని ఎర్ర ముడి

మా పక్కింటి పెద్దమ్మ పోయిన సోమవారం ఉదయం చనిపోయింది. కరోనా కాదు, గుండె ఆగిందన్నారు. మేముండే గోడాదరా పేటలో మా రెండిళ్లకూ మధ్య గోడ ఒకటే. అయినా ఆ కబురు నాకు ఆమె కొడుకు ఫోన్ చేస్తేనే తెలిసింది. ఏడాదిగా మా తలుపు ఆమెకు మూసి ఉంది. మూసింది నేను.

మా పాపకు రెండేళ్లు నిండకముందే జ్వరాలు మొదలయ్యాయి. నాలుగు రోజులు ఒళ్లు కాలిపోయేది. ఐదో రోజు ఏమీ జరగనట్టు ఆడుకునేది. దగ్గు లేదు, జలుబు లేదు, రక్తపరీక్షల్లో ఏమీ తేలలేదు. పళ్లు వస్తున్నాయని నేను, దిష్టి అని మా ఆవిడ సర్దిచెప్పుకున్నాం. జ్వరం వచ్చిన ప్రతిసారీ పాపను ఒళ్లో వేసుకుని కూర్చున్నది పెద్దమ్మే. నుదుటి మీది తడిబట్ట వేడెక్కగానే తిప్పేది, రెండోవైపూ వేడెక్కితే మార్చేది.

జగిత్యాల దగ్గరి పల్లె ఆమెది. కొడుకు ఇక్కడ మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు. ఆమెకు చదువు రాదు. కొడుకు తెచ్చిన తెల్లదారానికి రోజుకో ముడి వేసి దినాలు గుర్తుపెట్టుకునేది. పాపకు జ్వరం ఉన్న రోజు ఆ ముడిలో ఒక ఎర్ర పోగు కలిపేది.

“ఏంది సారూ, దునియా ముచ్చట్లన్ని పేపర్ల రాస్తవ్. నీ బిడ్డకు జరం ఏ దినం వచ్చిందో రాసుకోరాదా?”

“గుర్తుంటుంది పెద్దమ్మా.”

“ఆఁ, ఉంటది. మొన్న ఉప్పు తెమ్మంటే శక్కర తెచ్చినవ్.”

తర్వాత కరోనా వచ్చింది. ఆమె కొడుకు పనిచేసే షెడ్డులో ఇద్దరికి సోకిందని విన్నాను. ఆ వారమే పాపకు మళ్లీ జ్వరం. ఆ రెంటినీ ముడిపెట్టడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. గుమ్మంలో నిలబడి, “ఇక రావద్దు పెద్దమ్మా. ఈ జ్వరాలు మీ ఇంటి నుంచే వస్తున్నట్టున్నాయి” అన్నాను. అలాంటి వాక్యం ఎవరైనా వార్తలో రాసి తెస్తే కొట్టేసేవాణ్ణి.

ఆమె కాసేపు పాప వైపు చూసింది. “మంచిది బిడ్డా. బట్ట ఆరనియ్యకుండ్రి, జర చూస్కోండ్రి” అని వెళ్లిపోయింది.

కొన్ని నెలలకు పిల్లల డాక్టరు, జ్వరాలు ఏయే రోజుల్లో వచ్చాయని అడిగాడు. నేను చెప్పలేకపోయాను. మా ఆవిడ, ఇక్కడ గ్యాలరీ అనే బాల్కనీలోంచి, పెద్దమ్మను అడిగింది. మర్నాడు మా తలుపు గడియకు దారం ఉండ వేలాడుతోంది. ఆమె మా గడప తొక్కని నెలల్లో కూడా ఎర్ర ముడులున్నాయి. మా గ్యాలరీ తాడు మీద పాప నుదుటి తడిబట్టలు ఎప్పుడు ఆరేశామో చూసి వేసింది.

డాక్టరు ముడులు లెక్కపెట్టాడు. ఒక జ్వరం మొదలైన ఇరవై తొమ్మిది, ముప్పై ముడులకు మళ్లీ ఎర్ర పోగు. కొందరు పిల్లలకు ఇలా గడువు పెట్టినట్టు జ్వరాలు వస్తాయని, పెరిగేకొద్దీ పోతాయని, ఇది ఎవరి నుంచీ అంటుకునేది కాదని చెప్పాడు.

“పెద్దమ్మకు చెప్పొస్తా” అంది మా ఆవిడ.

“మాట అన్నది నేను. నేనే చెప్తాను” అన్నాను. చెప్పలేదు. రేపు, ఎల్లుండి అంటూ ఏ ముఖంతో వెళ్లాలో తేల్చుకోలేకపోయాను.

ఈ కరోనా రెండో ఉధృతిలో ఇంటి యజమాని అంతస్తు అంతస్తూ తిరిగి ఎవరింట్లో జ్వరముందని అడగడం మొదలుపెట్టాడు. ఇల్లు ఖాళీ చేయిస్తాడేమోనని, పాపకు జ్వరం వచ్చిన ఆ నాలుగు రోజులూ తడిబట్టలు వంటింట్లోనే ఆరేయించాను.

అది జరిగి నెల తిరగకముందే పెద్దమ్మ పోయింది. మూడో రోజు కొడుకు వచ్చి గుమ్మం బయటే నిలబడి ఇంకో దారం ఉండ ఇచ్చాడు. మొదటిది మాకిచ్చాక ఆమె కొత్తది మొదలుపెట్టిందట.

“మీ పాపది సార్ ఇది. మొన్నటిదాంక ఏసింది. ఈ నెల ఎర్రది రాలే, పొల్లకు జరం ఇడిసిందిరా అని మస్తు సంబురపడ్డది.”

ఉండ తీసుకుని లోపలికి వచ్చి లెక్కపెట్టాను. ఎర్ర పోగు ఉండాల్సిన చోట నాలుగు తెల్ల ముడులు వరసగా ఉన్నాయి.

నిన్న పాపకు మళ్లీ ఒళ్లు కాలింది. తడిబట్ట పిండి గ్యాలరీ తాడు మీద ఆరేశాను. పక్క గ్యాలరీలో ఆమె ప్లాస్టిక్ కుర్చీ ఇంకా అక్కడే ఉంది, మా తాడు వైపు తిరిగి.