ఎడమ కాలి చెప్పు, ఎనభై తొమ్మిదో నిమిషం

ఆ రోజు పొద్దున చిక్కడపల్లిలోని మా ఇంటి నుంచి అశోక్‌నగర్‌లో ఉన్న నా జిరాక్స్ షాపుకు నడిచి వెళ్లాను. పది నిమిషాల దారి. షట్టర్ ఎత్తి, మెషిన్ ఆన్ చేసి, మొదటి గిరాకీకి కాగితాలు తీసిస్తున్నాను. గవర్నమెంటు పరీక్షలకు చదువుకుంటూ పక్క సందు హాస్టల్లో ఉండే అమ్మాయి. నోట్స్ తీసుకుని వెళ్లబోతూ ఆగింది.

“అంకుల్, మీ ఇంకో చెప్పు ఏది?”

కిందికి చూసుకున్నాను. కుడి కాలికి చెప్పుంది. ఎడమ కాలు బోసిగా ఉంది. బొటనవేలు గీరుకుపోయి రక్తం కూడా వచ్చింది. నాకు నొప్పి లేదు, చెప్పు జారిన సంగతే తెలియదు. ఆ అమ్మాయే వెనక్కి వెళ్లి, కొబ్బరిబోండాల బండి దగ్గర పడి ఉందని తెచ్చిచ్చింది.

“పాతగయినయ్ అంకుల్, లూజు అయినయ్. కొత్తవి కొనుక్కోండ్రి” అంది.

నిజమే కదా అనుకున్నాను. సాయంత్రం నారాయణగూడ మార్కెట్‌కు వెళ్లి కొత్త జత కొన్నాను. నా జబ్బుకు నేను చేసిన మొదటి వైద్యం అది.

నా పేరు రమణ. వయసు యాభై ఏడు. రెండేళ్లుగా గుండెకని డాక్టర్ రాసిచ్చిన ఆస్పిరిన్ రోజూ వేసుకుంటాను. అంతకు మించిన జబ్బు ఫుట్‌బాల్. ఆడటం కాదు, చూడటం. ఈ ఊరంతా క్రికెట్ అంటూ ఊగిపోతుంటే నేను కాలేజీ రోజుల నుంచి మన సిటీ టీమ్ వెంట రైళ్లలో తిరిగాను. కోల్‌కతా, గోవా, కోజికోడ్, ఎక్కడ మ్యాచ్ ఉంటే అక్కడికి. చూసిన ప్రతి మ్యాచ్‌నూ ఆ రోజే ఒక నోటుబుక్కులో రాసుకుంటాను. ఎన్నో నిమిషంలో గోల్, ఎవరు కొట్టారు, ఏ కాలితో, మేం ఎక్కడ కూర్చున్నాం. అలాంటి పుస్తకాలు పదకొండు ఉన్నాయి.

నా వెంట తిరిగేవాళ్లు ఇద్దరు. యాదగిరి దోమలగూడలో టైలర్. హమీద్ భాయ్ రిటైర్డ్ స్కూల్ మాస్టర్. ప్రతి ఆదివారం పొద్దున నారాయణగూడలో ఒక ఇరానీ హోటల్లో కలుస్తాం. వారానికి ఒక పాత మ్యాచ్ తీసుకుని మొదటి విజిల్ నుంచి చివరిదాకా చెప్పుకుంటాం. కిందటేడు వారాల తరబడి మేం చెప్పుకున్నది ఒకటే, కోజికోడ్ మ్యాచ్.

చెప్పు పోవడానికి ఆరు వారాల ముందు వెళ్లాం అక్కడికి. లేటుగా చేరామని స్టాండులో ఆఖరి వరసలో చోటు దొరికింది, నెత్తిన రేకుల కప్పు. ఎనభై తొమ్మిదో నిమిషం వరకు స్కోరు ఒకటి ఒకటి. అప్పుడు కుడివైపు కాపు కాయాల్సిన మన రైట్ బ్యాక్ మైదానం ఆ చివరి నుంచి బంతి తీసుకుని వచ్చి, అలవాటు లేని ఎడమ కాలితో కొట్టాడు. గోల్. ఆ కథ చెప్పడంలో యాదగిరిని మించినవాడు లేడు. చివర్లో లేచి నిలబడి చేతులు ఊపేవాడు, గ్లాసుతో బల్ల మీద ఠంగుమని కొట్టేవాడు, హోటలంతా నవ్వేది. ఆ ఠంగు ఏమిటో తర్వాత చెప్తాను. మేమెవరమూ దాన్ని పట్టించుకోలేదు, మీరు కూడా ఇప్పుడే పట్టించుకోకండి.

మా ఆవిడ విజయకు ఫుట్‌బాల్ అంటే గిట్టదు. “మీ బంతాట మీరు చెప్పుకోండి, నాకు పనుంది” అని సగంలో లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆమె ఒక్క మ్యాచ్ కథ కూడా చివరిదాకా వినలేదు.

కొత్త చెప్పు కూడా జారడం మొదలైంది. పొద్దున లేవగానే తలనొప్పి. మధ్యాహ్నం షాపులో కుర్చీలోనే కునుకు. వీధి చివర క్లినిక్ డాక్టర్‌కు నేను చెప్పింది తలనొప్పి, మెడ పట్టేసినట్టుండటం. చెప్పు సంగతి చెప్పనే లేదు, చెప్పులు లూజన్నది తేలిపోయింది కదా! ఆయన మెడ వంచి చూసి “సర్వైకల్ స్పాండిలోసిస్ కావచ్చు, రోజంతా మెషిన్ మీద వంగుతారుగా” అని కాలర్ పెట్టించారు. వారం తర్వాత రక్తపరీక్షలో బీ ట్వెల్వ్ తక్కువుందన్నారు, ఇంజెక్షన్లు వేశారు. ఈలోగా ఒక కుర్రవాడి నోట్సంతా తలకిందులుగా స్టేపుల్ చేసిచ్చాను. అతను తిరిగి తెచ్చి చూపిస్తే, నేను చేసిన పని కాదని గొడవపెట్టుకున్నాను కూడా.

విజయకు అనుమానం వచ్చింది. ఒకరోజు యాదగిరి ఇంటికొస్తే అతని ముందే అడిగేసింది.

“అన్నయ్యగారూ, ఈయన మనిషి మనిషిలా లేరు. నిన్న గ్యాస్ వెలిగించి మర్చిపోయారు. పిలిస్తే పలకడానికి ఇంతసేపు పడుతోంది. మీకేమీ అనిపించట్లేదా?”

యాదగిరి నా వైపు తిరిగాడు. “అరే రమణా, కోల్‌కతా సెమీస్‌ల మన రెండో గోల్ ఎవరేసిండు?”

“పదకొండో నంబర్” అన్నాను వెంటనే. “డెబ్బై మూడో నిమిషం. వాన. బంతి నీళ్లలో ఆగిపోయింది. కీపర్ ముందుకొచ్చి జారి పడ్డాడు. వీడు కుడి కాలితో అలా తోశాడంతే.”

“ఇగ చూడు వదినా! ముప్పై ఏండ్ల కిందటిది నిమిషంతోటి సహా చెప్తుండు. గిట్ల చెప్పెటోనికి ఏం రోగముంటది? జర నిద్ర తక్కువైనట్టుంది.”

హమీద్ భాయ్ కూడా మర్నాడు ఫోన్‌లో గోవా మ్యాచ్ అడిగి అదే తీర్పు ఇచ్చారు. నా ఆరోగ్యానికి మేం ముగ్గురం పెట్టిన పరీక్ష అది, నేను ఫస్టు క్లాసులో పాసయ్యాను. నాకెంత గర్వమేసిందో! ఆ రోజు ఏం తిన్నానని అడిగి ఉంటే చెప్పలేకపోయేవాణ్ని. ఎవరూ అడగలేదు.

తర్వాతి ఆదివారం హోటల్లో ఎడమ చేత్తో సాసర్ పట్టుకున్నాను. చాయ్ మొత్తం ఒళ్లో పడింది. వేడి చాయ్. హమీద్ భాయ్ అరిచేదాకా నేను కిందికి చూడలేదు. ఇక విజయ ఎవరి మాటా వినలేదు. సోమవారం పొద్దున ఆటో పిలిచి, ఒక ప్రైవేటు హాస్పిటల్‌లో న్యూరో ఓపీకి తీసుకెళ్లింది. తోడుగా మిత్రులిద్దరూ వచ్చారు.

డాక్టరమ్మ నా చేతులు చాపించి కళ్లు మూసుకోమంది. కళ్లు తెరిచేసరికి ఎడమ చెయ్యి కిందికి దిగి ఉంది. నేను దించలేదు, అదే దిగింది.

“లెఫ్ట్ సైడ్ కొంచెం వీక్‌నెస్ ఉంది. ఈ రెండు మూడు నెలల్లో తలకు దెబ్బ ఏమైనా తగిలిందా? ఎక్కడైనా పడ్డారా? యాక్సిడెంట్?”

“లేదు డాక్టర్” అన్నాను.

విజయ లేదంది. యాదగిరి, “అసల్కే లేదు మేడమ్, మేం ఎప్పుడూ ఆయనతోనే ఉంటం” అన్నాడు. హమీద్ భాయ్ తల అడ్డంగా ఊపారు. నలుగురిలో ఒక్కరమూ అబద్ధం చెప్పలేదు.

“అయితే ఎంఆర్ఐ తీద్దాం. గురువారం స్లాట్ ఉంది. అంతకుముందు ఏమైనా తేడా అనిపిస్తే వెంటనే రండి” అందావిడ.

ఇక్కడి నుంచి కొంత వరకు వీళ్లు చెప్పినదే, నాకు గుర్తు లేదు. స్లాట్ చీటీ కోసం కారిడార్‌లో కూర్చున్నాం. నేను కునికిపాట్లు పడుతున్నానట. పక్క కుర్చీలో ఎవరో పేషెంట్ తాలూకు మనిషి, కోజికోడ్‌లో పనిచేసి వచ్చాడట. ఇంకేం, యాదగిరి మొదలుపెట్టాడు. విజయ లేచి వెళ్లడానికి అక్కడ వంటిల్లు లేదు. ఫైలు ఒళ్లో పెట్టుకుని వింటూ కూర్చుంది.

“బాల్ నెట్ల పడ్డదన్నా! మా రమణ ఒక్కసారి మెట్టు మీదికెళ్లి ఎగిరిండు. పైన రేకుల కింద ఇనుప పైపు ఉంది. తల పోయి దానికి ఠంగ్!” అంటూ స్టీలు కుర్చీ చేతి మీద వేళ్లతో కొట్టాడట. “నిమ్మకాయంత బొప్పి. చుక్కలు కనపడుతున్నయంటడు, అయినా గోల్ గోల్ అని అరుస్తనే ఉన్నడు. హమీద్ భాయ్ బామ్ రుద్దిండు. నవ్వలేక సచ్చినం!”

విజయ నవ్వలేదు.

“ఏ పైపు? తలకి తగిలిందా?”

“గదే వదినా, గోల్ పడ్డప్పుడు...” అంటూ యాదగిరి మధ్యలో ఆగిపోయాడట.

విజయ ఫైలు పట్టుకుని, టోకెన్ లేకుండా, వరసలో ఉన్నవాళ్లు అరుస్తున్నా డాక్టర్ గది తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. “తలకి దెబ్బ తగిలిందండీ. రెండు నెలలయింది. ఇనుప పైపు. ఆస్పిరిన్ వేసుకుంటారు.” నాలుగే నాలుగు ముక్కలు చెప్పింది. అరగంటలో నన్ను సీటీ స్కాన్‌లో పడుకోబెట్టారు.

డాక్టరమ్మ స్క్రీన్ వాళ్లకు చూపించి చెప్పిందట. “క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా. పుర్రెకూ బ్రెయిన్‌కూ మధ్య రక్తం కొంచెం కొంచెంగా చేరింది. చూడండి, మిడ్‌లైన్ షిఫ్ట్ ఉంది, బ్రెయిన్ పక్కకు జరిగింది. గురువారం దాకా ఆగేది కాదిది. ఇవాళే సర్జరీ.”

యాదగిరి కారిడార్‌లో నేల మీద కూలబడ్డాడట. “ఆదివారం ఆదివారం చెప్పిన వదినా. చెప్పినన్ని సార్లు నవ్విన” అని ఏడ్చాడట. వాడి తప్పేముంది? వాడితోపాటు నేనూ నవ్వాను. మా దృష్టిలో అది దెబ్బ కాదు, గోల్‌లో ఒక భాగం.

ఎడమ చెయ్యీ కాలూ నడిపేది మెదడు కుడి భాగమట. ఆ సాయంత్రం కుడివైపు పుర్రెకు రెండు రంధ్రాలు పెట్టి రక్తం తీశారు. బర్ హోల్ సర్జరీ అంటారు. కళ్లు తెరిచేసరికి తలలోంచి ఒక పైపు, దాని చివర సంచి. “పేరేంటి? ఏ ఊర్లో ఉన్నారు?” అని నర్సు అడుగుతోంది. చెప్పాను. ఎడమ చెయ్యి ఎత్తమంటే ఎత్తాను, నిలబడింది. విజయ తలుపుకున్న అద్దంలోంచి చూసి అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఇంటికొచ్చిన తొమ్మిదో రోజు భోజనం దగ్గర ఎడమ చెయ్యి దానంతటదే కొట్టుకోవడం మొదలుపెట్టింది. నా చెయ్యి నా మాట వినకుండా కంచాన్ని తోసేసింది. మళ్లీ అంబులెన్స్, మళ్లీ సీటీ. “రక్తం మళ్లీ కొంచెం చేరింది, మళ్లీ డ్రెయిన్ పైపు పెట్టాలి. ఫిట్స్‌కు మందులు వాడాలి” అన్నారు. మొదటిసారి నాకు తెలియకుండా జరిగిపోయింది కాబట్టి భయం లేదు. రెండోసారి మాత్రం చచ్చేంత భయపడ్డాను. థియేటర్ తలుపు దగ్గర విజయ చెయ్యి వదల్లేదు.

తర్వాత మూడు నెలలు ఫిజియోథెరపీ. ఫిజియో పిల్ల ప్లాస్టిక్ బంతి కింద పెట్టి “ఎడమ కాలితో గోడకు కొట్టండి సార్” అనేది. నలభై ఏళ్లు ఆటగాళ్లను కూర్చుని తిట్టినవాణ్ని, నా బంతి గోడదాకా కూడా పోయేది కాదు.

అసలు దెబ్బ ఇంటి దగ్గర తగిలింది. ఒకరోజు పదకొండో నోటుబుక్కు తీశాను. కోజికోడ్ పేజీ. నా చేతిరాతే. “89వ నిమిషం. ఎడమ కాలు. నేను చూసిన గోల్స్ అన్నింటిలో ఇదే.” చదివాను. మళ్లీ చదివాను. ఏమీ కనిపించలేదు. స్టాండు లేదు, రైలు లేదు, ఆటగాడి ముఖం లేదు. కోల్‌కతా వాన ఉంది, గోవా ఇసుక ఉంది, ఇది లేదు. ఆదివారాలు యాదగిరి చెప్పిన మాటలు గుర్తున్నాయి, నేను చూసింది మాత్రం లేదు. డాక్టరమ్మను అడిగితే “ఆ రోజులవి కొన్ని రావచ్చు, కొన్ని రాకపోవచ్చు” అంది. ఏడాదయింది, రాలేదు. ప్రాణం దక్కింది కదా అంటారు అందరూ. దక్కింది. కానీ జీవితంలోకెల్లా గొప్ప గోల్ చూసి, చూడనివాడిగా మిగలడం ఏమిటో నాకు మింగుడుపడదు.

యాదగిరిని చెప్పమంటే చెప్పడు. “గా ముచ్చట వద్దు రా” అని గ్లాసు దూరం జరుపుతాడు.

ఇప్పుడు బాగానే ఉన్నాను. గుండె డాక్టరూ న్యూరో డాక్టరూ మాట్లాడుకుని నా మాత్రలు సరిచేశారు. ఫిట్స్ మాత్ర ఇంకా నడుస్తోంది, స్కూటర్ మానేశాను, షాపుకు నడిచే వెళ్తాను. చెప్పులు జారడం లేదు. కిందటి నెల సిటీలోనే మ్యాచ్ ఉంటే వెళ్లాను. విజయ కూడా వచ్చింది, కప్పు లేని స్టాండులో ఎండలో కూర్చోబెట్టింది. గోల్ పడితే అందరూ లేచారు. ఆమె నా భుజం మీద చెయ్యేసి గట్టిగా అదిమి పట్టుకుంది.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. తలకు దెబ్బ తగిలిందా అని డాక్టర్ అడిగితే, ఏడ్చిన దెబ్బలే కాదు, నవ్వుకున్నవి కూడా చెప్పండి. ద్వారబంధం తగిలినా, అటక తగిలినా, రక్తం రాకపోయినా, నెలలు గడిచినా సరే. నా ఆస్పిరిన్‌లా రక్తం పలచబరిచే మాత్రలు వేసుకునేవాళ్లయితే తప్పకుండా చెప్పండి.

ఆ మ్యాచ్ నుంచి వచ్చాక, ఎందుకో మళ్లీ కోజికోడ్ పేజీ తీసి కూర్చున్నాను. విజయ వంటింట్లోకి వెళ్లలేదు. పక్కన కూర్చుని, కారిడార్‌లో విన్న కథంతా మొదటి విజిల్ నుంచి చెప్పింది. రైట్ బ్యాక్‌ను గోల్ కీపర్ అంది, కార్నర్‌ను పెనాల్టీ అంది. నేను దిద్దలేదు. చివరికి వచ్చాక పెన్ను తీసుకుని, నా రాత కింద మిగిలిన ఖాళీలో తన గుండ్రటి అక్షరాలతో రాసింది.

“89వ నిమిషం. ఈయన తలకి దెబ్బ తగిలింది.”