కల్ అంటే ఎప్పుడు

శనివారం పొద్దున్న ఆరింటికి ఓడ అన్నారు. నాలుగున్నరకే హట్‌బే జెట్టీకి చేరాను. సంచిలో ఒక చీర, దుప్పటి, బైబిలు, డబ్బాలో పులిహోర, సీసాతో మంచినీళ్ళు. ఓడలో అమ్మే అన్నం నేను ఏనాడూ కొనలేదు. ఆరున్నరకి ఒకతను వచ్చి అరిచి చెప్పాడు, సముద్రం బాగోలేదు, ఓడ రేపు అని.

నేను బయల్దేరింది ఆ సాయంత్రం పోర్ట్‌బ్లెయిర్‌లో జరిగే ఫుట్‌బాల్ ఫైనల్ చూడటానికి. ద్వీపాలన్నిటి జట్లూ ఆడే కప్పు అది. ఆఖరికి మిగిలినవి చాతం, బంబూఫ్లాట్. రెంటికీ మధ్య ఫెర్రీలో కాసేపు దాటేన్ని నీళ్ళే ఉన్నాయి గాని, కప్పు మాట వస్తే ఆ రెండు ఊళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. మా అబ్బాయి ఏసుదాసు చాతం రంపపు మిల్లులో పని చేస్తాడు, ఆ జట్టుకే గోలీ. గోలు ముందు నిలబడి బంతి ఆపేవాణ్ణి ఇక్కడ గోలీ అంటారు. వాడికి ముప్ఫై ఆరేళ్ళు వచ్చాయి, మోకాలు అరిగింది. గురువారం ఫోను చేసి, "అమ్మా, ఇదే నా ఆఖరి మ్యాచి. నువ్వు రావులే, ఊరికే చెప్తున్నాను" అన్నాడు. "సరే, పెట్టెయ్యి, ఫోను డబ్బులు అవుతాయి" అన్నాను.

వాడి ఆట నేను ఒక్కసారీ చూడలేదు. పదేళ్ళప్పుడు ఊరగాయ జాడీ పగలగొట్టాడని వాడి బంతిని కత్తిపీట మీద రెండు చెక్కలు చేశాను. అప్పటినుంచి వాడు ఆడటం మానలేదు, నాకు చెప్పటం మానేశాడు. సునామీ వచ్చిన ఆదివారం కూడా చెప్పకుండానే పోర్ట్‌బ్లెయిర్‌కి ఆటకి పోయాడు. ఒడ్డున ఉన్న మా ఇల్లు, వాడు పడుకునే వసారాతో సహా, ఆ పొద్దున్న సముద్రంలో కలిసిపోయింది. తెల్లవారుజాము ప్రార్థనకని మిట్ట మీది చర్చికి వెళ్ళాను గనక నేను మిగిలాను, ఆటకి వెళ్ళాడు గనక వాడు మిగిలాడు. ఆ తర్వాత ఆ ఆటని తిట్టడానికి నాకు నోరు రాలేదు. మెచ్చుకోవడానికీ రాలేదు. ఆఖరిసారైనా కళ్ళతో చూడాలనుకున్నాను.

ఓడ లేదన్నాక జెట్టీ ఆఫీసులో అడిగాను. "పోర్ట్‌బ్లెయిర్‌లో కూడా జోరుగా బారిష్ అంట దీదీ. ఆట జరగొచ్చు, జరక్కపోవచ్చు" అన్నాడు అక్కడి గుమాస్తా. వానకి ఫోన్లు కూడా పోయాయి. ఆ 'జరక్కపోవచ్చు' అన్న ఒక్క మాట పట్టుకుని ఆదివారం మళ్ళీ నాలుగున్నరకి వచ్చాను.

ఆరూ ఇరవైకి ఓడ కదిలింది. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక మాట. కింది డెక్కులో ఓడ మధ్య బంకు, అంటే పడక, అడగండి, ఊపు తక్కువ. నిమ్మకాయ ఊరగాయ ముక్క నాలుక మీద పెట్టుకుంటే వాంతి రాదు. నా పక్క బంకులో కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన పడుకున్నాడు. "వానైతే మాత్రం ఆడకుండా ఉంటారా అమ్మగారూ? మనోళ్ళకి బురదే ముద్దు" అన్నాడు. ఆయనకి పులిహోర పెడదామనుకున్నదాన్ని మానేశాను.

రెండూ నలభైకి పోర్ట్‌బ్లెయిర్‌లో ఫీనిక్స్ బే జెట్టీలో దిగాను. ఎదురుగా టీ బండి ఉంది. టీ కొనకుండా అడిగితే బాగుండదని ఒక టీ తీసుకుని, "భయ్యా, ఫుట్‌బాల్ ఫైనల్ ఎప్పుడు?" అన్నాను.

"ఫైనలా? కల్, మాతాజీ" అన్నాడతను గ్లాసులు కడుగుతూ.

హిందీలో నిన్ననీ కల్ అంటారు, రేపునీ కల్ అంటారు. వెనక వచ్చే మాటని బట్టి ఏదో తెలుసుకోవాలి. మా ద్వీపాల్లో ఆ వెనక మాట ఎవరూ అనరు. ఈ సంగతి నలభై ఏళ్ళుగా నాకు తెలుసు. తెలిసీ, శనివారం ఆట గనక నిన్న అయిపోయిందనే అనుకున్నాను. అడిగిందే మళ్ళీ అడగటం నాకు మొదటినుంచీ అలవాటు లేదు.

దాసు ఇల్లు డైరీ ఫార్మ్‌లో ఉంది, ఆ పేటకి బస్సులో కాసేపే. కాని ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? అయిపోయాక వచ్చిందని కోడలు జాలిపడుతుంది. అది నాకు పడదు. అందుకని తిన్నగా టికెట్ల వరసలో నిలబడి, సోమవారం పొద్దున్న ఓడకి తిరుగు టికెట్టు కొన్నాను. వెనక్కి తిరిగేసరికి నా వయసు ఆవిడే ఒకావిడ నన్ను ఎగాదిగా చూస్తోంది.

"ఏటమ్మా, ముఖం అలా ఏలాడేసేరు? ఏ ఊరు?"

"హట్‌బే. మావాడి ఆట చూద్దామని వచ్చాను. నిన్ననే అయిపోయిందట."

"ఏ ఆట? ఫైనలా? అయిపోడం ఏటి? వానకి వాయిదా ఏసేరు కదా. రేపు మూడు గంటలకి."

"టీ బండి అతను కల్ అన్నాడే."

"కల్లే కదా మరి. రేపే. ఇంతకీ మీవాడు ఎటు?"

"చాతం గోలీ."

ఆవిడ నోటి మీద చెయ్యేసుకుంది. ఆవిడ పేరు గౌరమ్మ, బంబూఫ్లాట్‌లో ఇడ్లీ కొట్టు. బంబూఫ్లాట్ జట్టులో అందరికన్నా బాగా గోల్స్ కొట్టే అప్పలరాజు ఆవిడ మేనల్లుడే.

టికెట్టు వెనక్కి ఇస్తే కొంత కోసుకున్నారు. కోతకి పోట్లాడకుండా నేను ఊరుకున్నది జన్మలో అదొక్కసారే. దాసుకి తెలిస్తే రాత్రి నిద్ర మాని నా పడక సర్దుతూ కూర్చుంటాడు, చెప్పకూడదనుకున్నాను. గౌరమ్మే అంది, "మా ఇంటికి రండి. ఓడిపోయేవోళ్ళకి ఒక పూట అన్నం పెడితే పుణ్యం." చాతం దాకా బస్సు, అక్కణ్ణుంచి అయిదుంపావు ఫెర్రీ. పొద్దున్నే ఆవిడ కొట్టులో చట్నీకి కొబ్బరి కోరి పెట్టాను. ఊరికే తినే అలవాటు నాకు లేదు.

సోమవారం పన్నెండున్నర ఫెర్రీ నిండా డప్పులు, బంబూఫ్లాట్ ఆకుపచ్చ జెండాలు. చాతం మనిషిని నేనొక్కదాన్నే. రేవులో దిగుతుంటే చాతం వాళ్ళు కాచుకుని ఉన్నారు.

"ఆఖరి ఫెర్రీ ఎప్పుడో కనుక్కున్నారా భయ్యా? ఏడుస్తూ కూర్చుంటే మిస్సయిపోతారు" అన్నాడొకడు.

"మిల్లు గేటు తెరిచి ఉంచండ్రా, మీ కన్నీళ్ళు అద్దడానికి రంపప్పొట్టు కావాలి" అంది గౌరమ్మ.

మైదానంలో ఆవిడ పక్కనే, ఆకుపచ్చ జెండాల మధ్యే కూర్చున్నాను. దూరంగా దాసు కనిపించాడు, మోకాలికి కట్టు. సగం ఆట దాకా ఎవరికీ గోలు లేదు. తర్వాత చాతం ఒకటి కొట్టింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, గౌరమ్మ అన్నం తిన్నదాన్ని.

ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా చాతం వాడొకడు బంతిని చేత్తో తాకాడు. దానికి శిక్ష పెనాల్టీ. అందరూ తప్పుకుంటారు, ఒకడు కొడతాడు, గోలీ ఒక్కడే ఆపాలి. కొట్టడానికి అప్పలరాజు వచ్చాడు. ఆ గోలు మేం కూర్చున్న వైపే ఉంది. దాసు నడుం వంచి, చేతులు చాచి నిలబడ్డాడు. అప్పలరాజు పరుగెత్తుకొచ్చాడు. అప్పుడు నేను లేచి నిలబడ్డానట. గౌరమ్మ చెబితేనే తెలిసింది.

"ఒరేయ్ దాసూ" అని అరిచాను.

చిన్నప్పుడు ఆ పిలుపుకి ఎలా ఉలిక్కిపడేవాడో అలాగే ఉలిక్కిపడి ఎడమ పక్కకి ఎగిరాడు. బంతి కూడా అటే వచ్చింది. వాడి గుండెకి తగిలి ఆగింది.

గౌరమ్మ నుదురు కొట్టుకుంది. తర్వాత నా చెయ్యి గట్టిగా గిల్లి, "పెట్టిన ఇడ్లీలు కక్కించాలి మీ చేత" అని నవ్వేసింది.

కప్పు చాతానిదే అయింది. ఆట అయ్యాక దాసు బురదతోనే వచ్చాడు. ఎప్పుడొచ్చావనలేదు, ఎలా వచ్చావనలేదు.

"అమ్మా, కత్తిపీట పట్టుకొచ్చావనుకుని దూకేశాను."

"బాగానే పట్టావు" అన్నాను. వాడు తల దించుకుని చేతి తొడుగులు విప్పుకున్నాడు.

ఆ రాత్రి డైరీ ఫార్మ్‌లో పడుకున్నాను. కోడలు జాలిపడలేదు, చేపల పులుసు పెట్టింది. ఆ సాయంత్రం దాసు ఇంటికి వెళ్ళే ముందే బజారులో ఒక బంతి కొన్నాను, మా చర్చి పిల్లలకి. ఎంత బేరమాడినా కొట్టువాడు దిగలేదు. గాలి తీసేసి మడిచి ఇవ్వమంటే, "అలా ఇస్తే పాడవుతుంది మాతాజీ" అన్నాడు. నిండుగానే తెచ్చుకున్నాను.

మంగళవారం ఆరింటి ఓడకి దాసు వచ్చి ఎక్కించాడు. బంకు దొరికింది మధ్యలోనే. తిరుగు దారిలో ఆ కొబ్బరికాయల వ్యాపారే మళ్ళీ కనిపించి, ఫైనల్ ఎప్పుడని అడిగాడు. "కల్ అయిపోయింది" అన్నాను, వెనక మాట వదలకుండా. ఈసారి పులిహోర లేదు గాని, కోడలు కట్టిచ్చిన రొట్టెల్లో ఒకటి ఆయనకి పెట్టాను.

ఈ దారిన వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. ఎవరైనా కల్ అంటే సిగ్గుపడకుండా రెండోసారి అడగండి.

తర్వాత బంతిని తల కింద పెట్టుకుని పడుకున్నాను. ఓడ ఊగినప్పుడల్లా అది పక్కకి దొర్లిపోయేది. హట్‌బే చేరేదాకా దాన్ని పట్టుకోవడమే సరిపోయింది. దాసు ఇన్నేళ్ళు పడ్డ కష్టం ఏమిటో అప్పుడు కొంచెం తెలిసింది.