చదవని పుస్తకాల కథలు

మొన్న వంటింట్లో ఇత్తడి చెంబును చింతపండుతో తోముతుంటే, ఆ పులుపు వాసనకు రూతు గుర్తొచ్చింది. బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో మా పక్కింటి పిల్ల. నాకు తెలుగు అక్షరాలు నేర్పిన గురువు అని చెబితే మీరు ఏ పెద్ద పంతులమ్మనో ఊహించుకుంటారు. నేను కొత్త కోడలిగా, గని కార్మికులకు వరసగా కట్టిన ఆ లైనింట్లో అడుగుపెట్టేనాటికి ఆ గురువుగారి వయసు పదకొండేళ్ళు. ముందరి పళ్ళ మధ్య సందు, మోకాలిమీద మానని దెబ్బ, చంకలో ఎప్పుడూ ఒక పుస్తకం.

అప్పటికి గనులు మూతపడి కొన్నేళ్ళయింది. మా ఆయనతో సహా లైన్లోని మగవాళ్ళు చాలామంది తెల్లవారే రైలెక్కి బెంగళూరు పనులకు పోయేవారు. పుట్టినూరు బైరకూరులో రాగిచేల మధ్య పెరిగిన నాకు పగలంతా నాలుగు గోడలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కేది. రూతు వాళ్ళ వసారా మాత్రం సంతలా ఉండేది. గనిలోకి డైనమైటు వచ్చిన పాత చెక్కపెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చి, వాటినిండా పుస్తకాలు సర్దింది. కన్నడం, తమిళం, ఇంగ్లీషు, తెలుగు, అన్నీ ఉండేవి. కొన్ని చర్చివాళ్ళిచ్చినవి, కొన్ని పాత పేపర్లవాడిని బతిమాలి తెచ్చినవి. లైన్లో ఎవరైనా వచ్చి తీసుకుపోవచ్చు.

దానికొక పద్ధతుండేది. రూతు తాత గనిలో హాజరు చూసినవాడు. లోపలికి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిల్లను పైన బోర్డుకు తగిలించి దిగాలి, పైకొచ్చాక తీసుకోవాలి. ఒక్క బిల్ల మిగిలినా లోపల ఎవరో చిక్కుకున్నారని అర్థం. వెతకడానికి మనుషులు దిగాల్సిందే. తాత దాచుకున్న పాత బిల్లలను రూతు చింతపండుతో తళతళలాడేలా తోమి మాకు తలా ఒకటిచ్చింది. పుస్తకం తీసుకున్నవాళ్ళు బిల్లను మేకుకు తగిలించాలి. శనివారం సాయంత్రం పుస్తకమిచ్చి, అందులోని కథ నాలుగు ముక్కల్లో చెప్పి, బిల్ల తీసుకోవాలి.

మొదటిరోజు నేను అడక్కుండానే నా చేతిలో తెలుగు పుస్తకం పెట్టింది. మా ఊళ్ళో అందరిలాగే నేనూ ఇంట్లో మాట్లాడింది తెలుగు, బడిలో చదివింది కన్నడం. తెలుగు అక్షరాల్లో కొన్నింటిని పోల్చుకోగలను, అంతే. కన్నడ పుస్తకం ఇమ్మని అడిగుంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ తెలుగింటి ఆడదాన్ని, ఆ వేలెడంత పిల్ల ముందు రాదని చెప్పడానికి నోరు రాలేదు.

శనివారం బొమ్మలు చూసి కథ అల్లేశాను. ఒక ముసలమ్మ, ఒక మేక. ముసలమ్మ గడ్డి సరిగా పెట్టడం లేదని మేక తాసిల్దారుకు అర్జీ పెట్టుకున్నట్టు చెప్పాను. రూతు బుగ్గన చెయ్యి పెట్టుకుని విన్నది. వసారాలో ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. ఇంకేం, నాకు రెక్కలొచ్చాయి. వారం వారం చదవని పుస్తకాలకు నేనే కథలు కట్టాను. నిజం చెప్పాలంటే, పెళ్ళయ్యాక నేను అంత సంతోషంగా ఉన్నది ఆ శనివారాల్లోనే.

అబద్ధం ఎన్నాళ్ళు నిలుస్తుంది? సరోజ చెబితేనే ఇంత బాగుంటే చదివి వినిపిస్తే ఇంకెంత బాగుంటుందోనని లైను ఆడవాళ్ళు నా వెంటపడ్డారు. వచ్చే శనివారం అందరి ముందూ చదవాలి. సరేనన్నాను. ఆ శనివారం తలుపు గడియ పెట్టుకుని, తలనొప్పి వంకతో ముసుగు తన్ని పడుకున్నాను. ఇంక ఆ వసారా ముఖం చూడలేననీ, మళ్ళీ నాకు ఈ నాలుగు గోడలే గతి అనీ దుఃఖం పొంగుకొచ్చింది.

పొద్దు వాలుతుండగా తలుపు చప్పుడైంది. తీస్తే రూతు, వెనక చేతికర్రతో తాత.

"నీ బిల్ల ఆడనే ఉండాదక్కా. నువ్వింగా పైకి రాలేదని వెతుక్కోని వచ్చినాము."

ఆ మాటతో నా బింకమంతా కరిగిపోయింది. "నాకు తెలుగు చదివేకి రాదు రూతూ. ఇన్నాళ్ళూ నేను చెప్పిండేదంతా అబద్ధం," అని ఏడ్చేశాను.

"తెలుసక్కా. ఆ మేక పుస్తకం నేను పదిసార్లు చదివినాను. నీ మేకే బాగుండాది."

తాత గడపమీద చతికిలబడి అన్నాడు: "దానికి ఏడ్చేదెందుకమ్మా. లోపల మనిషుంటే పైనుండేవాళ్ళు కాచుకోనుంటారు. నిదానంగా రా."

మర్నాటినుంచే చదువు మొదలైంది. రూతు పలకమీద కన్నడ అక్షరం రాసి, దాని పక్కన తెలుగు అక్షరం రాసేది. తప్పు చదివితే పంతులమ్మలా కళ్ళురిమేది, వెంటనే నవ్వేసేది. నెల తిరిగాక చదవమని ఒక నోటుపుస్తకం ఇచ్చింది. కూడబలుక్కుంటూ మొదటి వాక్యం చదివాను. మేక తాసిల్దారు ఆఫీసుకు పోయింది. నా కథే. ప్రతి శనివారం నేను చెప్పిన అబద్ధాలన్నీ ఆ పిల్ల ఇంటికెళ్ళి గుండ్రటి చేతిరాతతో రాసిపెట్టింది. అట్టమీద నా పేరుంది. నేను తెలుగులో చదివిన మొదటి పుస్తకం నాదే.

రూతు ఇప్పుడు ఎక్కడో ఆసుపత్రిలో నర్సు. నేను శ్రీనివాసపురంలో, మామిడి మండీలో కాయలు ఏరే ఆడవాళ్ళకు సాయంత్రాలు అక్షరాలు నేర్పుతున్నాను. కొత్తగా వచ్చినామె పుస్తకం చూసి తల దించుకుంటే, చదవడం వచ్చా అని అడగను. పుస్తకం మూసి పక్కన పెట్టి, ఏదన్నా ఒక కథ చెప్పమంటాను. ఆమె చెబుతుంటే రాసుకుంటాను.