మామ్మగారి భర్తకి సున్నం

అరబ్బు దేశంలో, జింజ్ అనే పేటలో నేను పనిచేసిన ఇంట్లో మామ్మగారిది ఐర్లాండు. కొడుకు అస్కర్ అనే ఊరి దగ్గర ఫ్యాక్టరీలో ఇంజనీరు. తల్లిని ఐర్లాండులో ఒంటరిగా ఉంచలేక తెచ్చుకున్నాడు. ఆవిడకి చూపు తగ్గిపోతోంది. ఏడాది తిరక్కుండా పూర్తిగా పోతుందని డాక్టరు చెప్పేశాడు.

మధ్యాహ్నం నా డ్యూటీ అంతా ఆవిడ పక్కన కూర్చుని వాళ్ళ ఊరి ఫొటోలు చూడటమే. ఊరంటే ఊరూ కాదు, పచ్చిక మధ్య నాలుగు కొంపలు. చుట్టుపక్కల మూడు పల్లెలు, పల్లెకో రాతి చర్చి. వందల ఏళ్ళ నాటివి, ఒక్కదానికీ కప్పు లేదు. అయినా మనుషుల్ని ఆ గోడల మధ్యే పూడుస్తారట. ఆవిడ భర్తా అక్కడే ఉన్నాడు. ఫొటో కళ్ళకి ఆనించుకుని వేలితో వెతికేది. రాళ్ళన్నీ ఒకటే బూడిద రంగు, ఆయన దొరికేవాడు కాదు. కళ్ళు పోయేలోపు ఒక్కసారి కనబడితే చాలు అనేది.

నాకు ఒళ్ళు మండేది. సమాధిని అలా నాచు పట్టనిస్తారా ఎవరైనా? మా గోదావరి వైపు సమాధుల పండగ వస్తోందంటే ఎంత లేనివాళ్ళైనా తమవాళ్ళ సమాధులకి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. సారు సెలవు మీద ఊరెళ్తుంటే ఆగలేక అనేశాను, "మీ నాన్నగారికి కాస్త సున్నం వేయించండి సార్" అని. ఆయన నవ్వి ఊరుకున్నాడు. శుక్రవారం సెలవునాడు తెలుగువాళ్ళ ప్రార్థనలో ఈ సంగతి చెబితే, యజమానికి బుద్ధులు చెప్పేంత దొరసానివయ్యావా అని ఆడవాళ్ళంతా నన్ను ఆటపట్టించారు.

మూడు వారాలకి సారు తిరిగొచ్చాడు. తనే బ్రష్షు పట్టుకుని రెండు పూతలు వేశాడట. అంత పాత చర్చిలో దేని మీదా చెయ్యి వెయ్యకూడదట. అక్కడి ఫాదర్‌గారు నానా చీవాట్లూ పెట్టారట. ఇక నా పని ఊడినట్టే అనుకున్నాను.

ఆయన కొత్త ఫొటో తల్లి చేతిలో పెట్టాడు. ఈసారి ఆవిడ వేలు వెతుక్కోలేదు. తిన్నగా వెళ్ళి తెల్లటి చోట ఆగింది. చాలాసేపు అక్కడే ఉంచింది. నేను ఏడ్చేశాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

అక్కడి వానలకి ఆర్నెల్లలో ఆ సున్నం కొట్టుకుపోతుందన్నాడు సారు.

"పోనీరా," అంది మామ్మగారు. "నేను చూసుకున్నాను."