వదిన ముగించని సాక్ష్యం

బుధవారం పొద్దున ఆఫీసుకి డ్రైవ్ చేస్తుండగా అన్నయ్య ఫోన్ చేశాడు. "మీ వదిన లేవలేదురా" అన్నాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. హైవే పక్కన కారు ఆపుకుని కూర్చున్నాను. ఎన్నో చావుల దగ్గర వాక్యం చెప్పిన నోరు నాది. ఆ పూట ఒక్క వచనం రాలేదు.

ఇక్కడ అమెరికాలో, ఇర్వింగ్‌లోని అన్నయ్యవాళ్ళ అపార్ట్‌మెంట్‌లో శనివారం సాయంత్రం జరిగే మన ప్రార్థన కూడికకి వచ్చిన అందరికీ ఆమె తెలుసు. సోఫా పక్కకి జరిపి, దుప్పట్లు పరిచి, టీ పెట్టి, చివరికి తలుపు దగ్గర కూర్చునేది. నేను బైబిల్ కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాను. చదివింది ఒక్క గ్రంథం, అదీ నా అంతట నేనే. నా ప్రసంగంలో తప్పు పట్టగలిగింది ఆమె ఒక్కతే. "అరవడం బాగానే అరిచావు అబ్బాయ్, ఏం చెప్పావో నీకైనా తెలిసిందా?" అనేది, కప్పులు ఏరుకుంటూ.

ఇస్త్రీ చేసుకుంటూ లాప్‌టాప్‌లో చైనా సీరియల్స్ చూడడం ఆమె అలవాటు. రాజులూ రాణులవి కాదు, ఇప్పటివి. ఫ్లాట్లలో అత్తాకోడళ్ళు, ఆఫీసు అమ్మాయిలు. కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెత్తేవి. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, బొమ్మ ఆపి, చదువుకుని, మళ్ళీ నడిపించేది.

"భాష రాదు, మన దేశం కాదు. ఏముంది వదినా అందులో?" అని ఎత్తిపొడిచేవాణ్ణి.

"మీ అమ్మ ఉంది. చైనా భాష మాట్లాడుతుంది, అంతే తేడా."

మెచ్చుకుని చూసేదనుకోకండి. "ఇరవై ఏడు దాటిన పిల్లని మిగిలిపోయిన సరుకంటారు అబ్బాయ్. ఉద్యోగం చేసేదైతే పొగరుబోతు. మంచి కోడలైతే ఏడవాలి, చెడ్డదైతే ఏడిపించాలి. ఆడదానికి ఆ రెండు పనులే రాస్తారు" అనేది.

"మరెందుకు చూడడం?"

"ఎప్పుడన్నా ఒకత్తి మూడో పని చేస్తుందేమోనని."

నేను నవ్వేశాను. ఆ శనివారమే, లోకపు బురద తెరల మీదుగా మన ఇళ్ళలోకి పారుతోందని గర్జించాను. పేరు చెప్పలేదు. అందరూ ఆమె వైపే చూశారు. "ఒక్క భాగం నాతో కూర్చుని చూడు, తర్వాత తిట్టు" అంది. చూడలేదు. చూడకుండానే తీర్పు తీర్చాను.

మన కూడికలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు ఉంటాయి. దేవుడు తన బతుకులో చేసినది ఎవరైనా లేచి చెప్పవచ్చు. మరీ సాగదీస్తే నడిపించేవాడు చప్పట్లు కొట్టి పాట ఎత్తుతాడు, అందరూ అందుకుంటారు, చెప్పేవాళ్ళు కూర్చుంటారు. ఎవరూ నొచ్చుకోరు. అలా అనుకుంటాం.

మొన్నటి చలికాలంలో వదిన లేచింది. రెండు మాటల్లో ముగించే మనిషి. కొంగు తల మీదికి లాక్కుని, "నేనొక చైనా కథ చూశాను" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. "అందులో ఒకావిడ అత్తగారి మాట మీద ఉద్యోగం మానేస్తుంది. తొమ్మిదేళ్ళ తర్వాత ఇంటర్వ్యూకి వెళితే, ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా అని అడుగుతారు. అది చూసి నేను వంటింట్లోకి వెళ్ళి ప్రభువుని ఒకటి అడిగాను. ఏమడిగానంటే..."

నేను పాట ఎత్తాను.

దేవుని సన్నిధిలో సీరియల్ కథలా అన్న రోషం. నా గొంతు పెద్దది. రెండో చరణానికల్లా ఆమె కూర్చుంది. ఆ సాయంత్రం నా అంశం బైబిల్లో బావి దగ్గర ప్రభువుతో మాట్లాడిన స్త్రీ. ఆ స్త్రీ సాక్ష్యం విని ఊరంతా ప్రభువు దగ్గరికి కదిలి వచ్చిందని నలభై నిమిషాలు చెప్పాను.

మీకు తెలియనిది ఒకటుంది. వదిన గుంటూరులో నర్సుగా చేసి వచ్చింది. ఇక్కడి పరీక్ష రాస్తానంటే అన్నయ్య నా సలహా అడిగాడు. ఆడదానికి ఇల్లే పరిచర్య అని వచనాలు వరసగా విప్పాను. పొలం చూసి, సొంతంగా కొని, ద్రాక్షతోట నాటించిన ఇల్లాలు కూడా అదే గ్రంథంలో ఉంది. ఆ పేజీ తిప్పలేదు. వదిన పుస్తకాలన్నీ అట్టపెట్టెలో పెట్టి టేపు వేసింది.

నేను పాట ఎత్తిన ఆ శనివారం తర్వాత వదిన సాక్ష్యానికి లేవలేదు. టీ మాత్రం మానలేదు. "ఆ రోజు ఏమడిగావు వదినా?" అనడానికి నాకు ఎనిమిది నెలల గడువు దొరికింది. వినడానికి వేగిరపడమన్నాడు దేవుడు. నేను వచ్చే వారం, వచ్చే వారం అనుకున్నాను.

సమాధి దగ్గరి నుంచి వచ్చాక అన్నయ్యని అడిగాను.

"నాకూ చెప్పలేదురా. మీటింగ్‌లోనే చెప్తానంది. నువ్వు కూడా వినాలంది."

ఆ సీరియల్ వెతికి చూశాను. ఇంటర్వ్యూలో ఆవిడ జవాబు చెబుతుంది, తల ఎత్తి, బాగానే చెబుతుంది. కానీ అది ఆవిడ జవాబు. వదినది కాదు.

మొన్న శనివారం సాక్ష్యాలకి సమయం ఇచ్చాను. "ఎంతసేపైనా చెప్పండమ్మా, పాట ఎత్తను" అన్నాను. ఆడవాళ్ళ వరసలో, ఎమ్మెస్ చదవడానికి కొత్తగా వచ్చిన అమ్మాయి మోకాళ్ళ మీద చేతులు ఆనించి సగం లేచింది. నా వైపు చూసింది. చున్నీ తల మీదికి సర్దుకుని మెల్లగా కూర్చుంది.