సారక్క పంపిన ఓట్స్ డబ్బా

షుగర్ దించే తిండి తన మొగుడికి మాత్రం షుగర్ ఎందుకు పెంచుతోందో సారక్కకు ఎంతకీ అర్థం కాలేదు. ఆ సంగతి తేలేదాకా గోదావరిఖనిలో ఆమె అడగని మనిషి లేడు, అనుమానించని వస్తువు లేదు. చివరికి మజ్జిగను కూడా అనుమానించింది.

మొగుడి పేరు రాయమల్లు. గనిలో తట్టా చెమ్మస్ పని. అంటే పేల్చిన బొగ్గును చెమ్మస్ అనే పారతో తట్టలోకి ఎత్తి టబ్బులు నింపడం. పెళ్ళయిన కొత్తలో దిగినవాడు, తెలంగాణ వస్తుందా రాదా అని టీ కొట్ల దగ్గర జనం గొంతులు చించుకుంటున్న ఈ రోజుల్లోనూ దిగుతూనే ఉన్నాడు. మాట తక్కువ మనిషి. ఆకలేస్తోందని కూడా నోరు తెరిచి చెప్పడు, వచ్చి కంచం ముందు కూర్చుంటాడు, మనమే అర్థం చేసుకోవాలి. అలాంటి మనిషి ఒకనాడు డ్యూటీ నుంచి వచ్చి బూటు విప్పితే బొటనవేలి పక్కన తోలు లేచిపోయి, నెత్తురు కారి గడ్డకట్టి ఉంది.

"గిదెప్పుడు తాకింది?" అని సారక్క అడిగితే, తనూ అప్పుడే చూస్తున్నట్టు వంగి చూశాడు. "తెల్వదు" అన్నాడు.

ఆ ఒక్క మాటకే సారక్క భయపడింది. గోలేటిలో ఉండే ఆమె పెదనాన్న కొడుకు మొగిలికి కూడా సరిగ్గా ఇలాగే మొదలైంది. తాకింది తెలియలేదు, మానలేదు, చివరికి మోకాలి కింద కాలు తీసేశారు. మొగిలి ఇప్పుడు ఇంటి ముందు కుర్చీ వేసుకుని దారిన పోయేవాళ్ళను పలకరిస్తుంటాడు. రాయమల్లుకు ఆ గతి పడితే ఏమిటి? ఈయనకు పలకరించడం కూడా రాదాయె.

దవాఖానకు లాక్కుపోయింది. షుగర్ బాగా ఉందన్నాడు డాక్టరు. గోళీలు రాశాడు, పుండుకు కట్టు కట్టించాడు. తిండి మారకపోతే గోళీలు ఒక్కటే ఏమీ చేయలేవని, మళ్ళీ పరీక్షకు వచ్చేనాటికి షుగర్ దిగకపోతే ఆ కాలికి తాను హామీ ఇవ్వలేనని చెప్పాడు. బయటికి వచ్చాక అక్కడి నర్సు సారక్కను పక్కకు పిలిచి, అన్నం తగ్గించి పొద్దుటి పూట ఓట్స్ పెట్టమంది. పుండు నెమ్మదిగా ఆరింది, రాయమల్లు మళ్ళీ గని దిగాడు. కానీ ఆ వేలిని గిచ్చినా తెలియడం లేదు, అయినా సారక్క రోజూ గిచ్చి చూస్తూనే ఉంది.

ఓట్స్ అనేవాటిని ఆమె అంతకుముందు ముట్టుకోలేదు. గులాం అలీ కిరాణా కొట్టులో బొమ్మలూ హంగులూ లేని సాదా పాకెట్టు తెచ్చి, జొన్న గటుక వండినట్టే ఎసట్లో పోసి కలియబెట్టింది. చల్లారేసరికి అది గోడలకు ఎన్నికల కాగితాలు అంటించడానికి పనికొచ్చేటట్టు తయారైంది. ఆ గిన్నె పట్టుకుని మళ్ళీ కొట్టుకే పోయింది. గులాం అలీ భార్య జన్నత్ బీ గిన్నెలోకి చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"పొయ్యి మీద ఎవరు పెట్టమన్నరు సారక్క నిన్ను? రాత్రి మజ్జిగల నానబెట్టు. తెల్లారే వరకు అదే మెత్తగైతది. గ్యాస్ భీ మిగుల్తది, పొద్దున లేచి వండే పరేషాన్ భీ ఉండది."

జన్నత్ బీకి షుగర్ పాతదే కాబట్టి ఆమె మాట మీద నమ్మకం కుదిరింది. పలుచటి మజ్జిగలో ఓట్స్, ఉప్పు. వేయించి దంచిన జీలకర్ర, నాలుగు మిరియాలు, తరిగిన అల్లం, పచ్చిమిరపకాయ. జన్నత్ బీ చెప్పిన చిటికెడు షాజీర. మూతపెట్టి పడుకుంటే చాలు, తెల్లారి ఉల్లిగడ్డ ముక్కలూ కొత్తిమీరా కలిపి డబ్బాలో సర్దడమే. అంత చౌకగా, అంత తేలిగ్గా అయ్యే తిండి సారక్క తన కాపురంలో చూడలేదు. మొదట్లో కాస్త చప్పగా అనిపించి, ఎల్లిగడ్డ చితక్కొట్టి కరివేపాకుతో పోపు కూడా పెట్టింది. ఇంకేముంది, వాసనకే నోరూరేది.

చీకటితో లేచి పోయే మనిషికి ఇంట్లో ముద్ద దిగదు. చాయ్ తాగి పోతాడు, గనిలో సద్ది వేళకు డబ్బా తెరుస్తాడు. అందుకే ఓట్స్ డబ్బాలోనే పంపేది. సాయంత్రం డబ్బా కడగబోతే అడుగున ఒక్క గింజ కూడా ఉండేది కాదు. వేలితో తుడిచి తిన్నట్టు మెరిసేది. అది చూసి ఆమె కడుపు నిండేది.

మళ్ళీ పరీక్షకు పోయారు. షుగర్ దిగలేదు సరికదా, ఇంకాస్త ఎక్కింది.

"ఏం తింటున్నవు?" అన్నాడు డాక్టరు. "ఓట్స్" అన్నాడు రాయమల్లు నేల చూస్తూ. డాక్టరు సారక్క వైపు చూశాడు. ఆమె ఔనని తలూపింది. ఇంకొక్కసారి చూస్తానని, ఆ తర్వాత తన చేతుల్లో లేదని ఆయన గోళీలు పెంచి పంపాడు.

అక్కడినుంచి సారక్క బుర్ర గిర్రున తిరగడం మొదలైంది. మొదట షిఫ్టుల మీద అనుమానం వచ్చింది. రాత్రి నానబెట్టి పొద్దున తినాలన్నారు, బాగానే ఉంది. మరి సెకండ్ షిఫ్టు వారంలో, నైట్ షిఫ్టు వారంలో ఈ మనిషికి పొద్దున ఏది, రాత్రి ఏది? రాత్రంతా పనిచేసి పగలు పడుకునేవాడికి ఎప్పుడు నానబెట్టాలి? నైట్ షిఫ్టు వారంలో మిట్టమధ్యాహ్నం నానబెట్టి చూసింది. రామగుండం ఎండకు అది సాయంత్రానికల్లా నురగలు కక్కింది. తర్వాత మజ్జిగ పులుపు మీద అనుమానం. తర్వాత గులాం అలీ పాకెట్టు మీద. ఆయన నొచ్చుకుని, "నా బీబీ భీ గదే తింటది కదమ్మా" అన్నాడు. ఇక మిగిలింది రాయమల్లు. చౌరస్తాలో మిర్చీలు తింటున్నాడేమోనని కూరగాయల నెపం పెట్టి నాలుగు సార్లు కాపు కాసింది. ఆయన నెత్తి వంచుకుని తిన్నగా ఇంటికే వచ్చాడు. ఒకసారైతే ఆమెనే చూసి, "సంచి బరువున్నదా?" అని అందుకున్నాడు. ఆమెకు సిగ్గేసింది.

చిక్కుముడి నల్లా దగ్గర వీడింది. అక్కడ నీళ్ళు పడుతున్న రమ, రాయమల్లు గ్యాంగులో పెద్దవాడైన గట్టయ్య భార్య.

"వదినె, నీ డబ్బాల ఏం కలుపుతున్నవు? మా ఆయనకు ఇంట్ల ఏం పెట్టినా రుచైతలేదు. రాయమల్లు బావ డబ్బా లెక్క చెయ్యరాదా అంటుండు" అంది రమ.

"గట్టయ్యన్న తింటుండా మా డబ్బా?"

"ఆయనొక్కడేనా? సదయ్య, అందరు. ముందుగాల అదే ఖాళీ అయితదట."

కోపం రావలసిన చోట సారక్కకు ముందు కాస్త గర్వం వచ్చింది. ఆ గర్వానికి తనను తానే తిట్టుకుంటూ, బిందె సగం నిండగానే ఎత్తుకుని ఇంటికి పోయింది.

రాయమల్లు చాయ్ తాగుతున్నాడు. "నీ డబ్బా ఎవరు తింటుండ్రు?" అని ఎదురుగా కూర్చుంది. ఆయన గ్లాసు కింద పెట్టాడు, మళ్ళీ తీశాడు. ఆమె లేవలేదు. ఈసారి మాట రానిదే వదలదని ఆయనకూ తెలిసింది.

"మా దగ్గర ఎవ్వని డబ్బా వాడు తినడు" అన్నాడు చివరికి.

"ఎందుకు తినరు?"

దానికి జవాబు చెప్పడానికి రాయమల్లు తన జీవితంలో మాట్లాడినన్ని మాటలు ఆ సాయంత్రం మాట్లాడాడు. చాలా ఏళ్ళ కిందట సారక్కకు కడుపు పోయి కరీంనగర్ దవాఖానలో పడి ఉన్నప్పుడు ఇంట్లో వండేవాళ్ళు లేరు. ఈయనకు పొయ్యి రాజేయడం కూడా రాదు. నలుగురిలో ఉత్త చేతులతో పోవడం నామోషీ అనిపించి ఖాళీ డబ్బా పట్టుకుపోయేవాడు. సద్ది వేళకు కడుపు నొస్తోందని చెప్పి దూరంగా చీకట్లో కూర్చునేవాడు. ఒకనాడు గట్టయ్య పక్కకు జరపడానికి ఆ డబ్బా ఎత్తాడు. ఎత్తగానే తెలిసిపోయింది. ఏమీ అనలేదు. మర్నాడు అందరితో, డబ్బాలన్నీ నడుమ పెట్టాలి, ఎవడూ తన డబ్బా ముట్టకూడదు అన్నాడు. నడుమ పెట్టి అందరూ ఎదుటివాళ్ళ డబ్బాల్లో చేతులు పెడితే ఏది ఖాళీదో ఎవరికి తెలుస్తుంది? ఆనాటినుంచి ఆ గ్యాంగులో అదే పద్ధతి.

సారక్కకు ఆ దవాఖాన రోజులు గుర్తొచ్చాయి. తను మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఈయన వచ్చి, తిన్నావా అంటే తిన్నానని తలూపి పోయేవాడు.

"గప్పుడు నాకెందుకు చెప్పలే?"

"నువ్వే లేవలేకుంటివి. నీకెందుకు ఫికర్."

"మరి ఇప్పుడు షుగరని వాళ్ళకు చెప్పరాదా?"

"చెప్తే నా డబ్బా నాకు జరుపుతరు. నేనొక్కన్నే పక్కకు కూసుండి తినాలె. మళ్ళ గట్లనే."

ఎవరి మీద కోపపడాలో సారక్కకు పాలుపోలేదు. మొగుడి మీదా? గట్టయ్య మీదా? గట్టయ్య చేసిన మేలుకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఆ మేలే ఇప్పుడు ఈయన కాలు తినేస్తోంది. మొక్కడమూ తిట్టడమూ ఒకే మనిషిని ఎట్లా చేయాలో తెలియక ఆ రాత్రి ఆమె ఓట్స్ నానబెట్టడమే మర్చిపోయింది.

తెల్లవారి రాయమల్లు వెనకే నడిచి గని గేటు దాకా పోయింది. ఆయన వద్దంటూనే ఉన్నాడు. గని గేటు దగ్గరికి ఆడమనిషి వచ్చిందంటే ఆ ఊళ్ళో ఒకటే అర్థం, లోపల ఏదో అయింది. ఆమెను చూడగానే హాజరు వేసే మస్టరు దగ్గర మాటలు ఆగిపోయాయి. సదయ్య చేతిలోని బీడీ పారేసి పరుగున వచ్చాడు. వెనక గట్టయ్య.

"ఏమైంది చెల్లె?"

"ఏం కాలే అన్న. కానొద్దనే వచ్చిన" అని సారక్క చెప్పేసింది. షుగర్, కాలు, డాక్టరు మాట, అన్నీ. రాయమల్లు దొంగతనం చేసి దొరికినవాడిలా నిలబడ్డాడు.

గట్టయ్య ముఖం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. "మేమేమో బావకు ఆ తిండి పడుతలేదనుకున్నం" అన్నాడు. "ఎప్పుడు చూసినా ముఖం ముడుచుకొని కూసుంటుండె. నువ్వు కష్టపడి పంపితివి, పారేస్తే పాపమని మేమే తినేస్తిమి. మా అన్నం, కూర ఆయన దిక్కు జరుపుకుంట వచ్చినం."

సారక్కకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంతమంది ఇంత ప్రేమగా ఒక మనిషికి షుగర్ పెంచడం ఆమె ఎక్కడా వినలేదు.

"ఇయ్యాల్టి సంది నీ డబ్బా నువ్వే తిను బావ. పద్ధతి పెట్టింది నేనే, తీసేది నేనే" అన్నాడు గట్టయ్య. రాయమల్లు తల అడ్డంగా ఊపాడు. "నేను తినను" అన్నాడు. అంతే, ఇక ఆ మనిషిని కదిలించడం ఎవరి తరమూ కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

మిగతావాళ్ళు దీపాలు తెచ్చుకోవడానికి కదిలారు. గట్టయ్య మాత్రం వెనక ఆగిపోయాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"చెల్లె, నీ ఓట్స్ నాకు మంచిగ పడ్డది. నాక్కూడ ఉన్నది షుగరు. రమకు తెల్వది. నువ్వు చెప్పకు."

షిఫ్టు కూత మోగింది. ఆమె జవాబు వినకుండానే అతను పోయాడు.

సారక్క ఇంటి దారి పట్టింది. వీళ్ళందరికీ ఏమైంది? ఒకడి ఖాళీ డబ్బా కనపడకూడదని పెట్టుకున్న పద్ధతి చాటున ఒకడి కాలు, ఒకడి రోగం కూడా కనపడకుండా పోతున్నాయి. గట్టయ్యన్న నోరు తెరిచి చెప్పుకున్నాడు, రమకు చెప్పొద్దన్నాడు. చెబితే మాట తప్పినట్టు. చెప్పకపోతే, నాకెందుకు చెప్పలేదని తను మొగుడిని నిలదీసిన మాటకు అర్థం లేదు. అప్పుడు తట్టింది ఆమెకు. ఎవరి డబ్బా వాళ్ళు తినరు, సరే. కానీ ఇంకొకరి డబ్బాలోనూ ఓట్సే ఉంటే రాయమల్లు తినేది ఓట్సే కదా. గట్టయ్యన్న డబ్బా ఆయన తింటాడు, ఆయన డబ్బా గట్టయ్యన్న తింటాడు. పద్ధతికి పద్ధతీ ఉంటుంది, కాలికి కాలూ ఉంటుంది. దానికి రమ ఈ రాత్రి నానబెట్టాలి. ఊరికే రుచి కోసమని చెబితే నాలుగు రోజులు చేసి మానేస్తుంది.

నల్లా దగ్గర రమ ఒక్కతే ఉంది. సారక్కను చూడగానే, "పొద్దుపొద్దుగాల గేటు కాడికి పోయినవట, ఏందో అయిందని నా పానం పోయింది వదినె" అంది.

సారక్క ఆమె చేతిలోని బిందె తీసి కింద పెట్టింది. "రమా, గట్టయ్యన్నకు షుగరున్నది" అంది. "నీకు చెప్పొద్దన్నడు. అందుకే చెప్తున్న."